ఆటగాడు ఆగిపోతే పాట ఏం చేయాలి?

సినిమాకి ఆర్ఆర్, అంటే నేపథ్య సంగీతం చేసే సంగీత దర్శకుడి చేతికి సీన్ వచ్చేసరికి అన్నీ తేలిపోయి ఉంటాయి. హీరో ఎన్నో సెకనులో తలుపు తన్నుకుని లోపలికొస్తాడు, స్లో మోషన్ ఎంతసేపు, డైలాగ్ ఎక్కడ పడుతుంది, విలన్ మొహం ఎప్పుడు చూపిస్తారు, అన్నీ. ఎడిటింగ్ అయిపోయిన రీలు ముందు పెట్టుకుని ఆ కొలతలకి బిగించడమే ఆయన పని. ఎలివేషన్ సీన్‌లో డ్రమ్ దెబ్బ సరిగ్గా హీరో తల తిప్పిన ఫ్రేమ్ మీద పడిందంటే, ఆ ఫ్రేమ్ ఎక్కడుందో ముందే తెలుసు కాబట్టే. మొదటి రోజు మొదటి ఆటలోనైనా, యాభయ్యో రోజైనా హీరో అదే సెకనుకి తల తిప్పుతాడు.

వీడియో గేమ్‌కి సంగీతం చేసేవాళ్లకి ఈ హామీ లేదు. తలుపు దగ్గరికొచ్చిన ఆటగాడు వెంటనే తన్నొచ్చు. లోపల ఏముందోనని టెన్షన్ పడి ఐదు నిమిషాలు అక్కడక్కడే తచ్చాడొచ్చు. తలుపు సంగతే వదిలేసి, పక్కనున్న గోడ ఎక్కడం కుదురుతుందేమోనని ఎగురుతూ కూర్చోవచ్చు. ఇంతలో అన్నానికి పిలుపొస్తే కంట్రోలర్ మంచం మీద పడేసి వెళ్లిపోవచ్చు. అంతసేపూ సంగీతం నడవాలి, విసుగు పుట్టించకూడదు. తలుపు తన్నిన మరుక్షణం మాత్రం ఆ క్షణం కోసమే రాసినట్టు మారిపోవాలి.

గేమ్ సంగీతం మీద మాటలు ఎక్కువగా ట్యూన్ల చుట్టూ, ఆర్కెస్ట్రాల చుట్టూ తిరుగుతాయి. అసలు కష్టం ఒక ట్యూన్ నుంచి ఇంకో ట్యూన్‌కి దాటే ఆ అర సెకనులో ఉంది. విచిత్రం ఏంటంటే, తొలితరం గేముల్లో శబ్దం పుట్టించే చవక చిప్పులకి ఇది పెద్ద సమస్యే కాలేదు. నిజమైన వయొలిన్లు, నిజమైన గొంతులు గేముల్లోకి వచ్చాకే తలనొప్పి మొదలైంది.

జపాన్‌లో టైటో సంస్థ 1978లో విడుదల చేసిన స్పేస్ ఇన్‌వేడర్స్‌లో సంగీతం అనదగ్గది నాలుగే స్వరాలు. మంద్రంలో, మెట్లు దిగుతున్నట్టు నాలుగు మోతలు, ఆగకుండా మళ్లీ మళ్లీ. తెర మీద వరసలు కట్టిన గ్రహాంతర జీవులు ఒక్కొక్కటీ పేలిపోతున్నకొద్దీ మిగిలినవి వేగం పుంజుకుంటాయి. గీయాల్సిన బొమ్మలు తగ్గితే ప్రాసెసర్ మీద బరువు తగ్గి ఆట దానంతటదే పరుగందుకునేది. రూపకర్త తొమొహిరో నిషికడో ఆ లక్షణాన్ని సరిచేయకుండా అలాగే ఉంచేశాడు. ఆ నాలుగు స్వరాల వేగాన్నీ మిగిలిన శత్రువుల లెక్కకే ముడిపెట్టారు. చివరికి ఒక్క శత్రువు మిగిలేసరికి ఆ మోత గుండె దడలా ఉంటుంది. ఆట స్థితిని బట్టి టెంపో మారడం అనే సూత్రం, ఈనాటి భారీ గేముల్లో వాడేది, అప్పటికే అక్కడ పూర్తిగా ఉంది.

అయిదేళ్ల తర్వాత, 1983లో నింటెండో సంస్థ గేమ్ యంత్రం ఫామికామ్ వచ్చింది. మన దగ్గర 1990ల్లో చాలా ఇళ్లల్లో టీవీకి తగిలించిన నకిలీ వీడియో గేముల అసలు పుట్టిల్లు అదే. అందులో శబ్దానికి ఐదు ఛానళ్లు. రెండు పల్స్ ఛానళ్లు ట్యూన్ కోసం, ఒక్కోటీ ఒకసారికి ఒక్క స్వరమే పలుకుతుంది. ట్రయాంగిల్ ఛానల్‌తో బేస్ కానిచ్చేవారు, దానికి వాల్యూమ్ పెంచడం తగ్గించడం కూడా లేదు, మోగితే మోగుతుంది, లేదంటే లేదు. నాయిస్ ఛానల్ చేసే బుస శబ్దమే డ్రమ్స్. అయిదోది చిన్న చిన్న రికార్డింగు ముక్కలకి.

కోజి కొండో 1984లో నింటెండోలో చేరాడు. మరుసటి ఏడాది వచ్చిన సూపర్ మారియో బ్రదర్స్‌కి సంగీతం ఆయనదే. ఆ గేమ్ మొత్తం, బొమ్మలు, ఆట నియమాలు, సంగీతం, శబ్దాలు అన్నీ కలిపి 40 కిలోబైట్లు. సీడీ నాణ్యతతో స్టీరియో శబ్దం రికార్డు చేస్తే అంత స్థలంలో పావు సెకను కూడా పట్టదు. మరి అన్ని పాటలు ఎలా పట్టాయి? అక్కడ దాచింది శబ్దం కాదు, ఆదేశాలు. ఫలానా స్వరం, ఇంతసేపు, ఫలానా ఛానల్‌లో అని. చిప్పు ఆ ఆదేశాలు చదువుకుంటూ ఆ క్షణంలో, ఆ ఇంట్లో వాయిస్తుంది.

ఈ చిన్న తేడా వల్ల వచ్చే లాభం ఎంతో చూడాలంటే మారియోలో టైమర్ 100కి పడిపోయే క్షణం చూడాలి. ముందు ఒక చిన్న హెచ్చరిక మోగుతుంది. వెంటనే అదే పాట పరుగు లంకించుకుంటుంది. స్వరాల శృతి మారదు, వేగం ఒక్కటే మారుతుంది. చిప్పుకి ఇది చిటికెలో పని, ఆదేశాల మధ్య ఎంతసేపు ఆగాలో చెప్పే అంకెలు మారిస్తే సరి. అదే పాట ఆర్కెస్ట్రాతో రికార్డు చేసి ఉంటే వేగంగా వాయించిన ఇంకో వెర్షన్ విడిగా రికార్డు చేసి పెట్టుకోవాలి, ఒకదాని మీద నుంచి ఇంకోదాని మీదికి ఎక్కడ దూకాలో తేల్చుకోవాలి.

నష్టాలూ లేకపోలేదు. మారియో ఎగిరినప్పుడు, నాణెం పట్టినప్పుడు వచ్చే శబ్దాలకి వేరే ఛానళ్లు లేవు. అవి పాట నుంచే ఒక ఛానల్ లాక్కుంటాయి. ఆ కాసేపు పాటలో ఒక గొంతు మూగబోతుంది. ఆటలో మునిగినవాడు గమనించడు గానీ, పక్కన కూర్చుని కళ్లు మూసుకుని వింటే ఆ చిల్లులు తెలుస్తాయి. అందుకే ఆనాటి స్వరకర్తలు పాటలో ఏ గొంతు పోయినా నడిచేలా రాసుకునేవారు. కొండో తొలుత చేసిన ట్యూన్ ఆట నడకకి నప్పలేదని పక్కన పడేశాడు. తర్వాత రాసిందే ప్రపంచమంతా గుర్తుపట్టే పాట అయింది. 2023లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ తన నేషనల్ రికార్డింగ్ రిజిస్ట్రీలో చేర్చిన మొదటి గేమ్ సంగీతం అదే.

1990లో వచ్చిన సూపర్ మారియో వరల్డ్‌లో ఇంకో అందమైన చిట్కా ఉంది. మారియో తన డైనోసార్ యోషి మీదెక్కగానే నడుస్తున్న పాటలో బోంగోలు కలుస్తాయి, దిగగానే ఆగిపోతాయి. పాట తెగదు, మొదటికి రాదు. ఒక వాద్యం చేరుతుంది, పోతుంది, అంతే. ఇప్పుడు లేయరింగ్ అని పాఠాలు చెప్పే పద్ధతి ఇదే.

అయితే ఈ ఆలోచనని చిట్కా స్థాయి నుంచి ఒక యంత్రాంగం స్థాయికి తీసుకెళ్లింది అమెరికాలోని లూకాస్ ఆర్ట్స్‌లో పనిచేసిన మైకేల్ ల్యాండ్, పీటర్ మెక్‌కానెల్. వాళ్లు తయారుచేసిన ఐమ్యూజ్ అనే సంగీత సాఫ్ట్‌వేర్ 1991లో మంకీ ఐలండ్ 2 గేమ్‌తో బయటికొచ్చింది. అందులో ఉడ్‌టిక్ అనే చిన్న ఊరుంది, పాత ఓడలు కలిపి కట్టిన ఊరు. కథానాయకుడు ఊరి వీధిలో నడుస్తుంటే ఒక ట్యూన్ నడుస్తుంటుంది. అతను ఒక గదిలోకి అడుగుపెడితే అదే ట్యూన్ ఆ గదిలో ఉన్నవాళ్లకి తగ్గ వేషం వేసుకుంటుంది, వాద్యాలు మారతాయి, కొత్త పల్లవి లాంటిది అల్లుకుంటుంది. బయటికొస్తే మళ్లీ వీధి పాట. వచ్చినప్పుడల్లా ఒక చోట కోసి ఒక చోట అతికించినట్టు ఉండదు. గదిలోకి అడుగుపెట్టే క్షణానికి పాట ఎక్కడుందో ఐమ్యూజ్ చూస్తుంది, అక్కడి నుంచి కొత్త వెర్షన్‌కి వంతెన వేసే ఒక చిన్న ముక్క వాయించి, తాళం తప్పకుండా దాటిస్తుంది. ఒకే పాటకి ఇలాంటి వంతెనలు ఎన్ని రాయాల్సి వచ్చిందో ఊహించుకోవచ్చు. 1994లో దీనికి పేటెంట్ కూడా వచ్చింది.

మన పద్యనాటకాల్లో హార్మోనియం దగ్గర కూర్చున్నాయన్ని గమనించినవాళ్లకి ఈ సూత్రం కొత్తగా అనిపించదు. పద్యం చివర నటుడు రాగం ఎంతసేపు తీస్తాడో ఆయనకి తెలియదు, జనం వన్స్ మోర్ కొడతారో లేదో తెలియదు. నటుడి గొంతు మీదే చెవి పెట్టి, సాగదీస్తే సాగుతూ, దించితే దిగుతూ, మళ్లీ ఎత్తుకుంటే అందుకుంటూ పోతాడు. ఐమ్యూజ్‌ది ఆ హార్మోనిస్టు పనే. కాకపోతే హార్మోనిస్టు అక్కడికక్కడ నిర్ణయించుకునేవన్నీ ల్యాండ్, మెక్‌కానెల్ ముందే ఊహించి రాసిపెట్టాల్సి వచ్చింది.

సరిగ్గా ఆ కాలంలోనే గేముల్లోకి సీడీలు వచ్చాయి.

ఒక సీడీలో 650 మెగాబైట్ల స్థలం, 74 నిమిషాల స్టూడియో నాణ్యత సంగీతం. కిలోబైట్లు పొదుపు చేసుకుంటూ బతికిన స్వరకర్తలకి ఇది పండగే. ప్లేస్టేషన్ గేముల్లో కొన్నింటి డిస్క్ తీసుకెళ్లి మామూలు మ్యూజిక్ సీడీ ప్లేయర్‌లో పెట్టినా పాటలు మోగేవి. 1995లో వచ్చిన వైపౌట్ అనే రేసింగ్ గేమ్ యూరప్ క్లబ్బుల్లో మోగే ఎలక్ట్రానిక్ సంగీతాన్ని నేరుగా తెచ్చి పెట్టుకుంది, దానికి అది బాగా కుదిరింది కూడా. రేసు మొదలైతే ఆగేది లేదు కదా, ఒక పాట మొదలుపెట్టి వదిలేస్తే చాలు.

కథ ఉన్న గేములకి మాత్రం ఈ వరం బెడిసికొట్టింది. డిస్క్‌లో ఉన్నది ఆదేశాలు కాదు, అచ్చయిపోయిన శబ్దం. వేగం పెంచితే శృతి కూడా పైకి పోతుంది. బోంగోలు కలపాలన్నా, తీసేయాలన్నా దారి లేదు. పాట చివరికొచ్చాక మళ్లీ మొదలు పెట్టడానికి లేజర్ వెనక్కి జరిగేలోపు కాసేపు నిశ్శబ్దం. పోనీ సంగీతం మోగుతుండగా గేమ్ డేటా చదువుదామా అంటే చదివే కన్ను ఒక్కటే. దాంతో చాలా గేములు పాత పద్ధతికి దిగజారాయి. ఒక చోటికి ఒక పాట, శత్రువు కనపడితే ఆ పాట ఠక్కున ఆపి ఇంకో పాట. శబ్దం సినిమా స్థాయికి వెళ్లింది, స్పందన స్పేస్ ఇన్‌వేడర్స్ కంటే వెనక్కి పోయింది. గేమ్ సంగీత చరిత్రని మోనో నుంచి ఆర్కెస్ట్రా దాకా ఎక్కిన మెట్లుగా చెప్పేవాళ్లు ఈ మెట్టు దగ్గర తడబడకుండా దాటేస్తుంటారు.

పోగొట్టుకున్నదాన్ని తిరిగి తెచ్చుకునే ప్రయత్నమే ఆ తర్వాతి కథ. ఇందులో రెండు దారులున్నాయి. మొదటిది యోషి బోంగోల దారి. ఒకే పాటని తీగ వాద్యాలు, డ్రమ్స్, బ్రాస్, గిటార్ అని విడివిడి స్టెమ్‌లుగా రికార్డు చేసి, అన్నీ ఒకేసారి మొదలుపెట్టి, అవసరాన్ని బట్టి ఒక్కొక్కదాని వాల్యూమ్ ఎత్తడం, దించడం. రెండోది ఉడ్‌టిక్ దారి. పాటని చిన్న ముక్కలుగా కోసి, ఆటని బట్టి ఏ ముక్క తర్వాత ఏ ముక్క రావాలో అప్పటికప్పుడు తేల్చడం. ఇప్పటి పెద్ద గేముల్లో రెండూ కలిపి వాడతారు.

2010లో వచ్చిన రెడ్ డెడ్ రిడెంప్షన్ మొదటి దారికి మంచి ఉదాహరణ. బిల్ ఎల్మ్, వుడీ జాక్సన్ స్వరపరిచిన ఈ గేమ్‌లో ఆటగాడు విశాలమైన ఎడారి సీమలో ఎటైనా పోవచ్చు. నడవొచ్చు, గుర్రమెక్కొచ్చు, కాల్పులు మొదలెట్టొచ్చు, ఏదీ వరసగా జరగదు. వాళ్లు ఎంచుకున్న పరిష్కారం మొండిది: స్టెమ్‌లన్నీ ఒకే శృతిలో, ఎ మైనర్‌లో, ఒకే వేగంతో, నిమిషానికి 130 బీట్లు. ఇలా కట్టడి చేసుకుంటే ఏ గిటార్ ముక్క మీదైనా ఏ డ్రమ్ ముక్కైనా పడుతుంది. గుర్రం ఎక్కగానే ఒక లయ కలుస్తుంది, తుపాకీ మోగగానే ఇంకోటి, ఎక్కడా అపశృతి రాదు. నెలల తరబడి ఒకే శృతిలో, ఒకే వేగంలో రాస్తూ కూడా విన్నదే విన్నట్టు అనిపించకుండా చూసుకోవడం మామూలు ఓపిక కాదు.

రెండో దారిలో లెక్క ఎలా ఉంటుందో చూద్దాం. పాట వేగం నిమిషానికి 120 బీట్లు, నాలుగు బీట్లకి ఒక బార్ అనుకుంటే, బీటుకి అర సెకను, బారుకి రెండు సెకన్లు. శత్రువు బార్ మొదట్లోనే బయటపడ్డాడు. బార్ పూర్తయ్యేదాకా ఆగి యుద్ధ సంగీతం ఎత్తుకుంటే సంగీతపరంగా ముచ్చటగా ఉంటుంది, కానీ రెండు సెకన్లలో ఆటగాడికి రెండు తూటాలు తగిలేసి ఉంటాయి. పాట ఇంకా నెమ్మదిగా, 60 బీట్లలో ఉంటే నాలుగు సెకన్లు ఆగాలి. పోనీ వెంటనే కోసేస్తే చెవికి దెబ్బ. అందుకే మధ్యేమార్గం: స్టింగర్ అని ఒక చిన్న శబ్దం, డ్రమ్ దెబ్బో, తాళాల మోతో, తక్షణం పైన పడేస్తారు. దాని ఘోషలో చెవి ఉండగా కింద పాట తర్వాతి బీటు మీద మారిపోతుంది. అతుకు ఉంది, వినపడదు.

దాటించడం ఒక్కటే కాదు, తిరిగి రావడం కూడా గొడవే. ఆటగాడు శత్రువు చూపు మేర అంచున నిలబడి ఒక అడుగు ముందుకీ ఒక అడుగు వెనక్కీ వేస్తుంటే యుద్ధం పాట, ప్రశాంతం పాట ఒకదాన్నొకటి తరుముకుంటాయి. నవ్వొచ్చేలా ఉంటుంది. దీనికి మందుగా ఒకసారి యుద్ధ సంగీతం మొదలయ్యాక ఇన్ని సెకన్లదాకా దిగకూడదని హద్దు పెడతారు. ఇంకో చిక్కు: సంగీతం అన్నీ చెప్పేస్తుంది. శత్రువులందరూ చచ్చారనుకుని ఆటగాడు తుపాకీ దించబోతాడు, డ్రమ్స్ ఇంకా మోగుతూనే ఉంటాయి. ఇంకొకడెవడో ఎక్కడో దాక్కున్నాడని తెలిసిపోతుంది. భయపెట్టే గేముల్లో ఇది కొంప ముంచుతుంది, పాట మారిందంటే దెయ్యం వస్తోందని ముందే కబురందినట్టే. అందుకని ఏమీ రానప్పుడు కూడా అప్పుడప్పుడూ పాట మార్చి ఆటగాడి నమ్మకాన్ని చెడగొట్టే పద్ధతులూ ఉన్నాయి.

లూప్ చేయడం చూడటానికి తేలిక, చివర్ని మొదటికి కలిపితే అయిపోయిందనిపిస్తుంది. చివరి స్వరానికి ఉండే రివర్బ్, ఆ గది మోత, పాట మొదటికి దూకగానే తెగిపోతుంది. విన్నవాళ్లకి ఎక్కడో పుటుక్కుమన్నట్టు ఉంటుంది. ఎక్కువమంది చేసే పని పాటని రెండుసార్లు వరసగా వాయించి రికార్డు తీసి, రెండో ఆవృత్తిని మాత్రమే కోసి వాడుకోవడం. అప్పుడు పాట మొదట్లోనే పాత చివరి మోత కలిసి ఉంటుంది. ఎంపీ3 ఫైలుతో ఇంకో తంటా. ఆ పద్ధతిలో ఫైలు తయారయ్యేటప్పుడే మొదట్లోనూ చివరా కాస్త నిశ్శబ్దం చేరుతుంది. మామూలు వినికిడికి తెలియదు, లూప్‌లో మాత్రం ప్రతిసారీ ఎక్కిళ్లు పడుతుంది. అందుకే గేములు చేసేవాళ్లు ఆగ్, వేవ్ ఫైళ్లు అడుగుతారు. గేమ్ సంగీతంలో కొత్తగా దిగినవాళ్లకి మొదట తగిలే రాయి దాదాపు ఎప్పుడూ ఇదే.

ఇక విసుగు సంగతి. సినిమా బీజీఎం ఒక సీన్‌లో ఒకసారి వస్తుంది. గేమ్‌లో ఒక స్థాయి దాటలేక ఇరుక్కుపోయినవాడు అదే పాట గంటలకొద్దీ వింటాడు, అదీ ఓడిపోతున్న కోపంలో. 1998 నాటి జెల్డా గేమ్ ఒకరినా ఆఫ్ టైమ్‌లో కొండో దీనికి ఒక ఉపాయం చేశాడు. హైరూల్ మైదానం పాటని ఎనిమిదేసి బార్ల ముక్కలుగా రాసి, వాటిని ఎప్పటికప్పుడు వేరే వరసలో వాయించేలా పెట్టాడు. శత్రువు దగ్గరపడితే ఒక రకం ముక్కలు, కదలకుండా నిలబడితే నెమ్మదైన ముక్కలు. మైదానం ఎన్నిసార్లు దాటినా పాట సరిగ్గా అదే వరసలో రాదు.

ఇంకో ఉపాయం అసలు వాయించకపోవడం. మైన్‌క్రాఫ్ట్‌కి సీ418 పేరుతో సంగీతం చేసిన జర్మన్ స్వరకర్త డేనియల్ రోజెన్‌ఫెల్డ్ ముక్కలు నిమిషాల తరబడి నిశ్శబ్దం తర్వాత ఎప్పుడో ఒకటి, చెప్పాపెట్టకుండా మోగుతాయి. ఆటగాడు ఒంటరిగా రాళ్లు తవ్వుకుంటూ ఉండగా ఒక పియానో మెల్లగా మొదలవుతుంది. అది ఏ సంఘటనకీ సంబంధించింది కాదు, అయినా జనం దాన్ని తమ ఆ రోజు సాయంత్రానికి ముడిపెట్టుకుని గుర్తుంచుకుంటారు. ఆ ఆల్బమ్ వాల్యూమ్ ఆల్ఫా 2025లో అదే అమెరికా రిజిస్ట్రీలో చేరింది. 2017 నాటి జెల్డా గేమ్ బ్రెత్ ఆఫ్ ద వైల్డ్ కూడా హోరెత్తే పాత ట్యూన్లు పక్కనపెట్టి కొండల మీద నడుస్తున్నప్పుడు అక్కడొకటి ఇక్కడొకటి పియానో మీటలతో సరిపెట్టింది. వీరగాథ లాంటి సంగీతం ఆశించినవాళ్లు మొదట్లో గొణిగారు. వంద గంటలు ఆడాల్సిన గేమ్‌కి అదే సరైన నిర్ణయం.

మన కుర్రాళ్లు రాత్రిళ్లు ఫోన్లకి అతుక్కుపోయి ఆడిన పబ్జీలో నిశ్శబ్దానికి కారణం వేరు. మ్యాచ్ కోసం ఎదురుచూసే లాబీలో టామ్ సాల్టా చేసిన గంభీరమైన థీమ్ మోగుతుంది. మ్యాచ్ మొదలయ్యాక నేపథ్య సంగీతం ఉండదు. పక్క గదిలో ఎవరి అడుగుల చప్పుడు, ఎటువైపు నుంచి తూటా, ఇవి వినపడటమే ప్రాణం. అక్కడ వయొలిన్లు వాయిస్తే ఆటగాళ్లు మొదట చేసే పని సెట్టింగ్స్‌లోకెళ్లి సంగీతం ఆపేయడమే. ఫోన్ గేములకి రాసేవాళ్లకి ఇంకో వాస్తవం కూడా ఉంది. ఫోన్ చిన్న స్పీకర్లో కింది బేస్ రానే రాదు. స్టూడియోలో గోడలు అదిరిన మిక్స్ బస్సులో ఫోన్ మీద సన్నగా చిలకపలుకులా వస్తుంది. బేస్ స్వరానికి కాస్త పై పౌనఃపున్యాల గరుకు జోడిస్తే అసలు లేని కింది స్వరాన్ని చెవి తనే ఊహించుకుంటుంది. బస్సుల్లో, క్లాసుల్లో ఫోన్ మ్యూట్‌లో పెట్టి ఆడేవాళ్ల కోసం మాత్రం ఎంత చేసినా వృథాయే.

పని జరిగే తీరు కూడా సినిమాకి తలకిందులు. స్వరకర్త చేరేసరికి చాలాసార్లు గేమ్ అనేది బూడిద రంగు పెట్టెలు, వాటి మధ్య పరుగెత్తే రంగులేని బొమ్మ. రాయడం మొదలెట్టకముందే ఒక పట్టిక తయారవుతుంది: పాట పేరు, ఎక్కడ, లూప్ ఎంత, వేగం, శృతి, దేనితో మొదలై దేనితో ఆగుతుంది. క్యూబేస్, రీపర్ లాంటి రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో పాట పూర్తయ్యాక అసలు రెండో సగం మొదలవుతుంది. ఆస్ట్రేలియా సంస్థ చేసిన ఎఫ్‌మాడ్, మాంట్రియల్‌లో పుట్టి 2019లో సోనీ చేతికి వెళ్లిన వైజ్, ఈ రెండు సాఫ్ట్‌వేర్‌లలో ఏదో ఒకదానిలో స్టెమ్‌లన్నీ పరిచి, వాటికి షరతులు పెడతారు. ఉదాహరణకి గేమ్ నుంచి ప్రమాదం అనే ఒక అంకె వస్తుంటుంది, సున్నా నుంచి వంద దాకా. ముప్పై దాటితే డ్రమ్స్ మెల్లగా పైకి, డెబ్బై దాటితే బ్రాస్, యాభైకి పడితే బ్రాస్ దిగాలి కానీ బార్ మధ్యలో కాదు. ఈ గీతలు గీయడం ప్రోగ్రామింగా, స్వరరచనా అని అడిగితే జవాబు చెప్పడం కష్టం. చెడ్డ గీతలు మంచి పాటని చంపేస్తాయి, అది మాత్రం ఖాయం.

డబ్బు లెక్క కూడా ఇక్కడే తిరకాసు పెడుతుంది. ఈ రంగంలో పూర్తయిన నిమిషానికి ఇంత అని మాట్లాడుకోవడం మామూలు. రెండు నిమిషాల పాటకి నాలుగు స్టెమ్‌లు, పైన అయిదు స్టింగర్లు, మూడు వంతెన ముక్కలు చేశాక అది రెండు నిమిషాల పనా, ఎనిమిది నిమిషాలదా? ఒప్పందంలో ఆ మాట ముందే తేల్చుకోకపోతే నష్టపోయేది స్వరకర్తే. హక్కులన్నీ కంపెనీకి రాసిచ్చే పద్ధతి ఎక్కువ కాబట్టి తర్వాత రాయల్టీలతో పూడ్చుకునే అవకాశం కూడా తక్కువ.

ఇంత కష్టమూ అవార్డుల దగ్గర కనపడదు. క్రిస్టఫర్ టిన్ సివిలైజేషన్ 4 గేమ్ కోసం స్వాహిలీ భాషలో చేసిన బాబా యేతు 2011లో గ్రామీ గెలిచింది, గేమ్ సంగీతానికి అదే మొదటిది. గేమ్ వచ్చి అయిదేళ్లు దాటాక, ఆయన సొంత ఆల్బమ్‌లో చేరిన వెర్షన్‌కి వచ్చింది. 2023 నుంచి గేముల సంగీతానికి గ్రామీలో విడిగా విభాగం ఉంది, మొదటిసారి స్టెఫానీ ఎకొనొమూ గెలుచుకుంది. అయితే పరిశీలనకి వెళ్లేది ఆల్బమే. ఆల్బమ్ అంటే ఆ స్టెమ్‌లు, ముక్కలు, వంతెనల్లో నుంచి ఎవరో ఒకరు ఒక వరసలో పేర్చి అచ్చు వేసిన ఒక రూపం. గేమ్‌లో వినపడే లక్ష రూపాల్లో అదొకటి, కొన్నిసార్లు గేమ్‌లో ఎవరికీ ఎప్పుడూ వినపడని రూపం.

మన దేశంలో ఈ పని ఇంకా తొలి అడుగుల్లోనే ఉంది. పుణెకి చెందిన నాడింగ్ హెడ్స్ గేమ్స్ 2020లో విడుదల చేసిన రాజీ: యాన్ ఏన్షెంట్ ఎపిక్ మన పురాణాల మీద కట్టిన గేమ్, సంగీతం చేసింది మాత్రం గ్రీస్ దేశస్థుడు లీనోస్ జెలోస్. ఇందులో తప్పేమీ లేదు కానీ, మన సంగీతానికి ఈ పనికి కావాల్సిన లక్షణం ఒకటి పుట్టుకతోనే ఉందన్నది ఆలోచించాల్సిన విషయం. పాశ్చాత్య సంగీతంలో కార్డులు, అంటే కలిపి మోగే స్వరాల గుత్తులు, ఒకదాని తర్వాత ఒకటి నడుస్తాయి, మధ్యలో కోస్తే వాక్యం సగంలో తెగినట్టే ఉంటుంది. రాగంలో ఆ నడక లేదు. తంబూరా శృతి ఒక్కటే, దాని మీద ఆ రాగంలోని ఏ ప్రయోగం తర్వాత ఏ ప్రయోగమైనా చాలావరకు నప్పుతుంది, తాళంలో సమం చూసుకుంటే చాలు. రెడ్ డెడ్ బృందం కట్టడి చేసుకుని సంపాదించిన సౌలభ్యం, హంసధ్వనిలో ఆదితాళం లూప్ రాసుకునేవాడికి ఊరికే దొరుకుతుంది. మృదంగం ఒక స్టెమ్, ఘటం ఒక స్టెమ్, వేణువు ఒక స్టెమ్, శత్రువు కనపడితే కంజిర.

అడ్డం వచ్చేది గమకం. వీణ, నాదస్వరం కీబోర్డు మీద నొక్కి వాయించే శాంపిల్ లైబ్రరీల్లో స్వరాలు విడివిడి బిళ్లల్లా ఉంటాయి, స్వరం నుంచి స్వరానికి జారే ఆ ఊపు రాదు. వచ్చినా తోడి రాగం కీబోర్డు తోడిలాగే వినపడుతుంది. అందుకని విద్వాంసుణ్ని స్టూడియోకి పిలిచి వాయింపించాలి. ఆయనకి ముందుగా చెప్పాల్సింది రాగం పేరు కాదు, చెవిలో టక్‌టక్‌మంటూ వేగం చెప్పే క్లిక్ ట్రాక్ తప్పకూడదని, ప్రతి ముక్క రెండు ఆవర్తనాల్లో ముగియాలని, ముక్తాయింపు వేయొద్దని. కచేరీలో పేరు తెచ్చిపెట్టిన అలవాట్లన్నీ బయట వదిలి రమ్మనడం అది. చాలామంది మొదటి గంట ఇబ్బంది పడతారు. ఒకసారి అర్థమయ్యాక, ప్రతి ముక్కనీ మూడు తీవ్రతల్లో, విలంబంగా ఒకటి, మధ్యమంగా ఒకటి, ద్రుతంగా ఒకటి వాయించి ఇవ్వమంటే, అది వాళ్లకి చిన్నప్పటి మూడు కాలాల సాధనే.